చిన్ని రైలుబండిని నడుపు పెట్టె

అమెరికాలోని న్యూజెర్సీనుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము ఈ నెల మా బల్లమీద నున్నది. ఆమె మామగారు కాజీపేటలో ముప్పదియేండ్లకు పైగా ఇంజను డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. అత్తగారు గతించిన పిమ్మట కుమారునొద్దకు వచ్చిరి. కొడుకును కోడలును పగలెల్ల ఉద్యోగములకు పోవుదురు. మనుమడు బడికి పోవును. కారు లేనిదే ఎచ్చటికిని పోవ వీలుకాని పేట. కొన్ని మాసములలోనే ఆయనకు మాటలు తగ్గిపోయినవట. "భోజనమునకు పిలిచిన వచ్చెదరు, వడ్డించినది తినెదరు, లేచిపోయెదరు. ఉప్పు చాలలేదని యైనను అనరు" అని ఆమె వ్రాసినది.

ఇట్లుండగా తొమ్మిదేండ్ల మనుమనికి పుట్టినదినమునాడు ఎవరో ఒక ఆటరైలును బహుమానముగా నిచ్చిరి. వాడు దానిని ఒక్కసారిగా వేగముగా విడుచుట చూచి తాతగారు కుర్చీనుండి లేచి, "అట్లు గుంజరాదు నాయనా, వెనుక నిన్ని పెట్టెలున్నవి. మెల్లగా తీయవలెను" అని నేలమీద కూర్చుండిరట. నాటినుండి వారిద్దఱికి అదే లోకము. నేలమాళిగలో బల్లలు వేసి, పట్టాలు పఱచి, స్టేషను కట్టుచున్నారు. దీనిని నడుపుటకు డిజిటల్ సాధనము కావలెనని ఆమె భర్తగారు చెప్పుచున్నారు. వారు చూపినదానికి ఒక నెల వెచ్చములకు సరిపోవు సొమ్ము కావలెను. "ఇది నిజముగా అవసరమా? అవసరమే యైనచో ఏది కొనవలెను? దుకాణములో పది రకములున్నవి, పదియు ఒక్కతీరుగనే కనబడుచున్నవి" అని ఆమె ప్రశ్న.

ఆటబండ్ల సంగతి స్త్రీల పత్రికలో నెందులకని కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. ఇంటి పద్దు వ్రాయునది మనము. కొన్న వస్తువు మూలబడినపుడు దానిమీది దుమ్ము తుడుచునదియు మనమే. కావున అడుగుట న్యాయము, చెప్పుట మా విధి. అదిగాక ఈ విషయమున మాకు స్వానుభవమును కలదు. దానిని ముందు వ్రాసెదము.

మొదట అవసరమా యను మాట. పాతపద్ధతిలో పట్టాలకు పోవు విద్యుత్తును హెచ్చించినచో బండి వేగముగా పోవును, తగ్గించినచో నెమ్మదించును, తీగెలను తారుమారు చేసినచో వెనుకకు నడచును. ఇది కొళాయివంటిది. కొళాయి విప్పినచో దానిక్రింద పెట్టిన బిందెలన్నియు నిండును. ఈ బిందె వద్దు, ఆ బిందె చాలునన్న నీటికి వినబడదు. అట్లే ఒకే పట్టామీద రెండు ఇంజనులున్నచో రెండును కలసి కదలును, కలసి నిలుచును. ఒకదానిని నిలిపి రెండవదానిని నడుపవలెనన్న పట్టాను తునకలుగా విడదీసి తునకకొక మీట పెట్టవలెను. ఒక్కడే ఆడుకొనువాడైనచో, ఒక్క బండియే యైనచో, పాతపద్ధతి చాలును. డబ్బు దండుగ చేయనక్కఱలేదు. ఈ మాట దుకాణదారులు చెప్పరు గనుక మేము చెప్పుచున్నాము.

డిజిటల్ పద్ధతిలో పట్టాలమీద నెల్లప్పుడును నిండు విద్యుత్తే యుండును. మనయిండ్ల పిల్లలు ఎక్కువగా కొను హెచ్.ఓ. కొలత బండ్లకు, అనగా అసలు బండిలో 87వ వంతుగా చేసినవానికి, అది సుమారు 14, 15 వోల్టులు. ఆ విద్యుత్తు క్షణక్షణమునకు దిశ మార్చుచుండును. ఆ మార్పులలోనే మాట యిమిడియుండును. సెకండును పదిలక్షల వంతులు చేసినచో, 58 వంతుల కొకమాఱు దిశ మారిన అది 'ఒకటి'. 100 వంతుల కొకమాఱు మారిన అది 'సున్న'. ఈ ఒకట్లతోను సున్నలతోను "మూడవ నంబరు ఇంజనూ, నెమ్మదిగా ముందుకు పో" యను ఆజ్ఞ పోవును. ప్రతి ఇంజనుకడుపులోను డీకోడరను చిన్న బిళ్ల యుండును. వీధిలో తపాలవాడు పేరు పిలిచినపుడు అందఱును విందురు గాని ఉత్తరము గలవారే బయటికి వత్తురు గదా. అదే విధముగా ఆజ్ఞ అన్ని ఇంజనులకును చేరును, తన నంబరు గలదే దానిని పాటించును. కావున తాతగారి గూడ్సుబండి ఒకప్రక్కకు తప్పుకొని నిలిచియుండగా మనుమని మెయిలుబండి ప్రక్కపట్టామీద పోవచ్చును. ఇద్దఱు కలసి ఆడుకొనవలసిన యింట ఇది అవసరమే యని మా యభిప్రాయము.

ఇక ఏది కొనవలెను? జర్మనీదేశమున లెంట్స్ అను కంపెనీవారు 1980వ దశకము చివర నీ పద్ధతిని సిద్ధపఱచిరి. 1935లో ఏర్పడిన అమెరికాలోని జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘమువారు దీనిని ఆధారముగా గొని 1994లో నియమములను ప్రకటించిరి. దీనినే డి.సి.సి. యందురు. ఈ నియమముల ననుసరించు ఏ కంపెనీ డీకోడరైనను ఏ కంపెనీ పెట్టె చెప్పినను వినును. ఇది మనకు గొప్ప మేలు. ఇంజనులమీద పెట్టిన డబ్బు, పెట్టె మార్చినను వృథా పోదు. అయితే ఈ మేలు పట్టాలవఱకే. పెట్టెనుండి చేతిలోని మీటకు, థ్రాటిల్ అని దీనికి పేరు, పోవు తీగెలో ఏ కంపెనీ భాష దానిది. డిజిట్రాక్స్‌వారి మీట ఎన్.సి.ఇ. వారి పెట్టెకు తగిలింప పనికిరాదు. కాబట్టి పెట్టె కొనుట యనగా నిజమునకు మీట కొనుటయే. ఈ సంగతి తెలియకయే మాయింట పొరపాటు జరిగినది.

మా మేనకోడలు డల్లాసులో నున్నది. దాని భర్త ఉత్సాహవంతుడు. క్రొత్తరకమనియు, మీటతో పనిలేదనియు, సెల్‌ఫోనుతోనే బండి నడుచుననియు దుకాణములో చెప్పగా విని ఒక పెట్టె తెచ్చెను. ఆ పెట్టె మంచిదే, చెప్పిన పనులన్నియు చేసెను. కాని రైలాటలో మోజు పడినది అతనికంటె అతని తల్లి. ఆమెకు డెబ్బదియొక్క యేండ్లు. వేళ్లకొనలు ఎండి గరుకు తేలినవి. ఫోను అద్దము ఆమె వ్రేలిని గుర్తింపదు. నాలుగుమాఱులు రాచిన ఒకమాఱు కదలును, ఆ ఒకమాఱు అవసరమునకు మించి కదలును. వేగము తగ్గింపబోయి ఫోనువంక చూచుచుండగా బండి మలుపుకడ పట్టా తప్పి బల్లమీదినుండి క్రిందపడినది. ఇంజను ముందుభాగము విఱిగినది. ఎవ్వరును ఏమియు అనలేదు. మఱునాడు ఆడుకొందము రమ్మని పిల్లలు పిలువగా ఆమె, "మీరు ఆడుకొనుడమ్మా, నాకు వంటపని యున్నది" అనెను. వంట అప్పటికే అయినది. ఆ మాట వినుచు మేము అచ్చటనే కూర్చుండియుంటిమి.

రెండు వారములకు మా మేనకోడలు తోడియింటివారివద్ద గుండ్రని మర గల మీటను, దాని పెట్టెతో సహా ఎరవు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టినది. రేడియో మర త్రిప్పిన చేయి గదా! చూపు బండిమీద నుంచి, బొటనవ్రేలితో మర త్రిప్పుచు ఆమె బండిని స్టేషనులో నిలిపినది. మొదటి పెట్టెను అమ్మగా సగము ధరయైనను రాలేదు. ముందే ఆమె చేతిలో పెట్టి చూచియుండినచో ఆ నష్టము లేకపోవును.

న్యూజెర్సీ సోదరికి మేము చెప్పునదేమనగా, మీ మామగారు చేతులు మీటమీద పెట్టి బ్రదికినవారు. అద్దముమీద వ్రేలు రాచుట వారికి బండి నడుపుటగా తోపదు. డిజిట్రాక్స్‌వారి జెఫిర్ ఎక్స్‌ప్రెస్ అను పెట్టె బల్లమీద కదలకుండ నుండును. దానిమీద పెద్ద మరయు, ముందు వెనుకలకు ఒక చిన్న కఱ్ఱయు కలవు. 3 ఆంపియర్ల బలము. వారి చేతికి ఇది నచ్చవచ్చును. ఎన్.సి.ఇ. వారి పవర్ క్యాబ్‌లో మీటలోనే సర్వమును ఇమిడియున్నది. ధర కొంత తక్కువ, బొత్తాములమీద మాటలు వ్రాసియుండును గనుక నేర్చుకొనుట సులభము. అయితే తీగెను ఊడదీసినచో బండ్లన్నియు నిలిచిపోవును. చేతబట్టుకొని బల్లచుట్టు తిరుగువారికి ఇది తెలిసియుండవలెను. నేటి హెచ్.ఓ. ఇంజను సామాన్యముగా అర ఆంపియరు లోపుగనే తీసికొనును గావున ఇద్దఱి ఆటకు రెండింటిలో ఏదియైనను చాలును. పిల్లవానికి రెండవ మీట వెంటనే కొననక్కఱలేదు. జె.ఎమ్.ఆర్.ఐ. యను ఉచితమైన సాధనమును ఇంటి కంప్యూటరులో నెక్కించి, దానిని పెట్టెకు కలుపు చిన్నసామగ్రి సమకూర్చుకొన్నచో వాని బండిని ఫోనుతో నడుపుకొనవచ్చును. వాని వ్రేళ్లను అద్దము చక్కగా గుర్తించును. ఆర్డ్యునో పలకతో స్వయముగా కూర్చుకొను డి.సి.సి.-ఈ.ఎక్స్. అన్నిటికంటె చవుక గాని ఇంటిలో ఆ పని తెలిసినవా రుండవలెను.

కొనుటకు ముందు మీ ప్రాంతపు మోడల్ రైలు క్లబ్బువారు అందఱకును తలుపులు తెఱచు దినమేదో తెలిసికొని మామగారిని వెంటబెట్టుకొని పొండు. రెండు మూడు రకముల మీటలను వారి చేతికిచ్చి నడిపింపుడు. క్లబ్బులో ఏ కంపెనీవి వాడుచున్నారో గమనింపుడు. అదే కొన్నచో చిక్కు వచ్చినపుడు అడుగుటకు మనిషి దొరకును. మామగారికి మాటాడుటకును మనుషులు దొరకుదురు.

ఇంజనులు కొనునపుడు ఒక మోసమువంటిది కలదు. డబ్బామీద "డి.సి.సి. రెడీ" అని యుండును. సిద్ధముగా నున్నదని మనము భ్రమపడుదుము. దాని యర్థము డీకోడరు పెట్టుటకు చోటు మాత్రము కలదనియే. డీకోడరును వేఱుగా కొనవలెను. డీకోడరు లోపలనే యున్నదని స్పష్టముగా వ్రాసినదానిని అడుగుడు. మీయింట పాత ఇంజనులు ఆఱున్నచో ఆఱు డీకోడరులకు లెక్క వేయుడు. అది పెట్టె ధరను మించినను మించవచ్చును. డీకోడరు లేని పాత ఇంజనును డిజిటల్ పట్టామీద ఉంచిపోరాదు. అది గుయ్యిమని మూలుగుచు వేడెక్కి మోటారు చెడును.

తీగెలమీద లోభము వలదు. పట్టాలక్రింద లావుపాటి తీగె నడిపి, మూడు నాలుగడుగుల కొకచోట పట్టాకు కలుపవలెను. పని ముగిసిన పిమ్మట రెండు పట్టాలమీదుగా ఒక నాణెము అడ్డము పెట్టి చూడుడు. పెట్టె వెంటనే విద్యుత్తును ఆపవలెను. బల్లచుట్టు ప్రతి చోటను ఇట్లు చేయుడు. ఎచ్చట ఆపదో అచ్చట తీగె చాలలేదని గుర్తు. ఈ పరీక్ష చేయనిచో ఎప్పుడో ఒకనాడు పట్టా తప్పిన బండి అడుగుభాగము కరగును. ఇంజనుకు నంబరు పెట్టునపుడు తక్కిన ఇంజనులను పట్టామీదినుండి తీసివేయుడు. లేకున్న అన్నిటికిని ఒకే నంబరు పడి, ఒకటి పిలిచిన పది పలుకును.

మీ మామగారికొఱకు మఱియొక మాట. డీకోడరులో మార్చుకొనుటకు వీలైన అంకెలు కొన్ని యుండును. వానిలో మూడవది బండి వేగము పుంజుకొనుటకు పట్టు కాలమును, నాలుగవది నిలుచుటకు పట్టు కాలమును తెలుపును. రెండింటిని హెచ్చించినచో మర త్రిప్పగనే బండి ఎగిరిపడదు; నిండు గూడ్సుబండివలె మెల్లగా కదలును. నిలుపవలెనన్న స్టేషను కంటబడకముందే మర తగ్గింపవలెను. ఎంత ముందుగా తగ్గింపవలెనో అంచనా వేయుటయే వారు ఇన్నియేండ్లు చేసిన పని. మనుమడు మొదట విసుగుకొనును. ప్లాట్‌ఫారము దాటిపోయిన బండిని వెనుకకు తెచ్చుకొనుచు తాతగారిని అడుగకపోడు.

మామగారు చలికాలమున స్వదేశమునకు వచ్చునపుడు ఒక చిన్న పెట్టెను వెంట తెచ్చుకొందమన్నచో దాని గోడబిళ్లమీది యక్షరములు చదివి చూడుడు. 100 మొదలు 240 వోల్టులవఱకు అని యున్నచో భయములేదు. 120 అని మాత్రమే యున్నచో మన 230 వోల్టులకు తగిలించిన క్షణములో మాడును. ఇచ్చటికి వచ్చిన పిమ్మట వేఱొకటి కొనవలెను.

క్లబ్బునకు పోయివచ్చిన పిమ్మట మీ మామగారి చేతికి ఏ మీట నచ్చినదో మాకు తప్పక వ్రాయుడు. ఉప్పు సంగతియు వ్రాయుడు.