వలకు చిక్కనిది లేనట్టేనా?

సముద్రంలో ఏ ప్రాణులున్నాయో లెక్క తేల్చడానికి మనకు నేటికీ చాలావరకు వలే దిక్కు. ఆ వల అబద్ధాలకోరు. చేపను తెస్తుంది, రొయ్యను తెస్తుంది; లోతుల్లోని దువ్వెన జెల్లీని మాత్రం పైకి లాగేలోపే చీల్చి జిగురునీళ్లు చేస్తుంది. మిగిలిన తునకల్ని ఫార్మలిన్‌లో వేస్తే చాలావరకు అవీ కరిగిపోతాయి. ఇక లెక్క రాసేవాడు ఏం రాస్తాడు? సున్నా.

ఆ సున్నా పచ్చి వేటగత్తె. ఎనిమిది వరసల శైలికలు ఆడిస్తూ ఈదుతుంది. జెల్లీచేపలా కుట్టదు; టెంటకిల్స్ మీది జిగురు కణాలతో కోపిపాడ్లనే చిన్న ప్రాణులను అంటించుకుని నోటికి చేర్చుకుంటుంది. బెరోయ్ జాతికి ఆ టెంటకిల్సూ లేవు, సంచిలా నోరు తెరిచి సాటి దువ్వెన జెల్లీలనే మింగేస్తుంది. చీకటి లోతుల్లో తిరిగే ఇంకో జాతికి పొట్ట నెత్తురు రంగు. మింగిన ప్రాణి లోపల మెరిసినా వెలుగు బయటికి పొక్కకుండా అది తెరగా పనిచేస్తుందని శాస్త్రవేత్తల అంచనా. పొక్కితే తనే ఇంకొకరి భోజనం!

ఈ తిండి సంగతులు వల చెప్పలేదు, కెమెరా చెప్పింది. కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం పరిశోధన సంస్థ 27 ఏళ్లపాటు యంత్రాలు దింపి, ఎవరు ఎవరిని తింటున్నారో 743 సార్లు చూసింది. జెల్లీ ప్రాణులు అక్కడ ముఖ్యమైన వేటగాళ్లని 2017లో లోకానికి చెప్పింది. మన బంగాళాఖాతంలో అంతకాలం కాపు కాసిన కెమెరా ఏదీ?

జెల్లీయే కదా అనుకునేవాళ్లు నల్ల సముద్రం కథ వినాలి. 1980ల తొలినాళ్లలో ఓడలు బరువు కోసం నింపుకునే బ్యాలస్ట్ నీళ్లతో మ్నీమియోప్సిస్ అనే దువ్వెన జెల్లీ అక్కడ చేరింది. చేపగుడ్లను, పిల్లలను, వాటి మేతనూ ఊడ్చేసింది. అప్పటికే అతివేటతో చిక్కిపోయిన నెత్తళ్ల వేట దశాబ్దం చివరికల్లా కుప్పకూలింది. 1997లో బెరోయ్ వచ్చి మ్నీమియోప్సిస్‌ను తినడం మొదలెట్టాకే అది తగ్గుముఖం పట్టింది. నల్ల సముద్రాన్ని ఒడ్డెక్కించింది ఏ సర్కారూ కాదు, ఇంకో జెల్లీ.

ఇక మన ఘనకార్యం. 2021లో 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపారు. హిందూ మహాసముద్రంలో మనకు దక్కిన 75,000 చదరపు కిలోమీటర్లలో నికెల్, కోబాల్ట్, మాంగనీస్ గడ్డలున్నాయి మరి. అదే ఏడాది 'వరాహ' అనే తవ్వకపు యంత్రాన్ని 5,270 మీటర్ల అడుగున నడిపి చూశారు. మనుషులు కూర్చుని కళ్లారా చూసే 'మత్స్య 6000' మాత్రం 2025లో కూడా ఇంకా రేవులోనే పరీక్షలు రాసింది. పురాణంలో మత్స్యం ముందు, వరాహం తర్వాత. మనవాళ్లు తిరగేశారు.

గడ్డలతోపాటు తోడిన బురదనీళ్లను తిరిగి ఎక్కడ వదులుతారు? నడిలోతుల్లో వదిలితే ఆ మన్ను వెళ్లి దువ్వెన జెల్లీల జిగురు టెంటకిల్స్‌కే అంటుకోవచ్చు. ఇక అవి ఏం పట్టి తినాలి? మిషన్‌లో జీవవైవిధ్య సర్వే కూడా ఉందంటారు. ఉంది, కాదనను. ఒంగోలు గిత్తను బేరమాడే రైతు పళ్లు చూసి, మేత సంగతి అడిగాకే డబ్బు తీస్తాడు. అమ్మకం అయ్యాక అడగడు. ఆ సర్వే ముందు పూర్తిచేయండి. నడిలోతుల్లో ఎవరు ఎవరిని తింటున్నారో పట్టిక బయటపెట్టండి, ఒంగోలు తీరంలోని కొత్తపట్నం మత్స్యకారులు చదువుకునేలా తెలుగులో. అంతవరకు వరాహాన్ని ఒడ్డునే కట్టేయండి.