చీటీ పాడే ముందు టాస్క్ మేనేజర్ చూడండి

పోయిన నెల పిన్ని ఫోన్ చేసింది. "నాన్నా, వీడికి కొత్త లాప్‌టాప్ కావాలంట. యాభై వేలు అవుతుందంట. ఈ నెల చీటీ పాడేద్దామనుకుంటున్నా" అంది. ఆ చీటీ తమ్ముడి చివరి ఏడాది ఫీజు కోసం కడుతున్నది. సగం నెలలు కూడా కాకుండా పాడితే ఎంత వదులుకోవాలో చీటీలు కట్టే ఇళ్లలో అందరికీ తెలుసు.

"ఒక్క ఆదివారం ఆగు పిన్నీ, నేనొచ్చి చూస్తా" అన్నాను.

వెళ్లి చూస్తే వాడి బాధ నిజమే. పవర్ బటన్ నొక్కి, టీ పెట్టుకుని తాగేసి వచ్చినా స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదలట్లేదు. "చూశావా అన్నా, ప్రాసెసర్ పాతదైపోయింది" అన్నాడు.

మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. మెషీన్ స్లో అయిందంటే ప్రాసెసర్ మీద పడిపోతాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. వాడి మెషీన్‌లో సీపీయూ 15 శాతం, మెమరీ 93 శాతం, డిస్క్ 100 శాతం. అంటే వాడు తిడుతున్న ప్రాసెసర్ పని లేక ఖాళీగా కూర్చుంది. సరుకు అందక!

కిరాణా కొట్టు గుర్తు తెచ్చుకోండి. ప్రాసెసర్ అంటే పొట్లాలు కట్టే మనిషి. ర్యామ్ అంటే అతని ముందున్న బల్ల. హార్డ్ డిస్క్ అంటే వెనకాల గోడౌన్. బల్ల చిన్నదైతే ప్రతి పొట్లానికీ గోడౌన్‌కి పరిగెత్తాలి. తమ్ముడి లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. విండోస్ తెరుచుకునేసరికే బల్ల సగానికి పైగా నిండిపోతుంది. పట్టని సరుకంతా డిస్క్ మీదకి పోతుంది.

ఆ గోడౌన్ కూడా నత్తనడకదే. మామూలు లాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 90 సార్లే. కావాల్సిన డేటా ముల్లు కిందకి వచ్చేదాకా ఆగాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లైతే సెకనుకి ఓ వంద చదవడమే గొప్ప. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అన్నీ చిప్‌లే. అదే పని సెకనుకి వేలల్లో చేస్తుంది. అందుకే పాత మెషీన్‌లో ఒక్కటే మార్చగలిగితే ముందు ఎస్ఎస్‌డీ వేయండి. రెండోది ర్యామ్.

కొనే ముందు కొన్ని చూసుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని వాడుతున్నారో కనిపిస్తుంది. సన్నటి లాప్‌టాప్‌లు కొన్నిట్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది. ఎస్ఎస్‌డీలోనూ రెండున్నర అంగుళాల సాటా రకం వేరు, ఎం.2 రకం వేరు. మోడల్ నంబర్ రాసుకుని వెళ్లండి. అన్నిటికంటే ముందు ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకోండి. డిస్క్ టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే ఆ పని ఇవాళే చేయండి.

అన్నిటికీ ఇదే మందు కాదు. సీపీయూనే ఎప్పుడూ 100 శాతం దగ్గరుంటే, లేదా పెద్ద గేములు ఆడాలంటే ఎస్ఎస్‌డీ ఆదుకోదు. బ్యాటరీ ఉబ్బితే ముందు వాడటం ఆపేయండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ప్రాసెసర్ విండోస్ 11కి సరిపోతుందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి సరిపోతాయి. అంతకంటే పాతదైతే లినక్స్ మింట్ వేసుకుని చదువు వెళ్లదీయొచ్చు.

తమ్ముడిది అదృష్టం కొద్దీ 8వ తరమే. ఒక స్లాట్ ఖాళీ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి 8 జీబీ ర్యామ్, సాటా ఎస్ఎస్‌డీ తెచ్చాం. రెండూ కలిపి కొత్త లాప్‌టాప్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. వెనక మూత వాడి చేతే తీయించాను. చేతులు వణికాయి పాపం. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి ఉంచాం.

మళ్లీ పవర్ బటన్ నొక్కాడు. పిన్ని అలవాటుగా టీ పెట్టడానికి లేచింది. ఆమె వంటింటి గుమ్మం దాటకముందే డెస్క్‌టాప్ వచ్చేసింది.

"అయితే చీటీ?" అంది పిన్ని.

"నడవనీ పిన్నీ. ఫీజు టైమ్‌కి పాడుదువుగానీ."