కూలిన ప్రోగ్రాము జ్ఞాపకాలు ఎవరివి?

లినక్సు వాడేవారికి తరచుగా అందే ఉచిత సలహాల్లో ఒకటుంది: కోర్ డంపులను ఆపేయండి, డిస్కులో చోటూ మిగులుతుంది, గుట్టూ మిగులుతుంది. సర్వర్ల భద్రత కోసం రాసిన జాబితాల్లో ఈ మాట దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. దీనికి సరిగ్గా ఎదురుగా, ప్రోగ్రాములు తయారుచేసేవారు ఏదీ ఆపవద్దనీ, కూలినప్పుడల్లా ఉన్నదంతా తమకు పంపమనీ కోరుతుంటారు. తెలుగులో రాసుకొనేవారికి ఈ రెండు సలహాలూ పనికిరావని నా అభిప్రాయం. ఎందుకు పనికిరావో చెప్పడానికే ఈ టపా.

ముందు వస్తువేమిటో చూద్దాం. ఒక ప్రోగ్రాము తనది కాని మెమరీని తాకబోయినా, అటువంటి మరో చేయరాని పని చేసినా, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అక్కడికక్కడే ఆపివేస్తుంది. ఆ క్షణాన దాని మెమరీలో ఉన్నదాన్ని ఒక ఫైలులోకి దించితే అది కోర్ డంపు. కోర్ అన్న పేరు పాతకాలపు యంత్రాల నుండి వచ్చింది. 1950లు, 60లలో మెమరీ అంటే సన్నని తీగలకు పూసల్లా గుచ్చిన ఫెర్రైటు ఉంగరాలు, ఒక్కో ఉంగరానికి ఒక్కో బిట్టు. ఉంగరాలు పోయాయి, పేరు మిగిలింది. దీనికి తెలుగు మాట కావాలంటే 'స్మృతిపాతం' వంటి సమాసమొకటి కల్పించవచ్చు గానీ, నా ఓటు 'పంచనామా'కే. శవం ఏ తీరున పడి ఉంది, చుట్టూ ఏమున్నాయి, జేబులో ఏమున్నాయి అని కదిలించక మునుపే రాసుకొనే కాగితమని పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. ఒక్క తేడా ఉంది. పంచనామా రాసేవాడు చూసి, ఎంచి రాస్తాడు. డంపుకు ఆ విచక్షణ లేదు, జేబులో ఉన్నదంతా కుమ్మరిస్తుంది.

రాసుకొనేవాడి ప్రోగ్రాము జేబులో ఏముంటుంది? తెరిచి ఉన్న వ్యాసం ఉంటుంది, అది తెలిసిందే. దానితోపాటు పొద్దున రాసి మధ్యాహ్నం కొట్టివేసిన పేరా కూడా ఉండవచ్చు, ఎందుకంటే వెనక్కి తెచ్చుకొనే సదుపాయం కోసం ఎడిటర్లు చెరిపిన మాటను దాచి ఉంచుతాయి. ప్రోగ్రాము ఒక మెమరీ ముక్కను వదిలేసినంత మాత్రాన అందులోని అక్షరాలు చెరిగిపోవు. వేరొకటి వచ్చి వాటిమీద పడేదాకా అక్కడే ఉంటాయి. బ్రౌజరైతే పక్క ట్యాబులోని ఉత్తరాలు, లాగిన్ గుర్తులు కూడా చిక్కవచ్చు. కాగితం మీద రాసిన రోజుల్లో కొట్టివేతలు రచయిత ట్రంకుపెట్టెలో ఉండేవి. ఆ పెట్టె ఎవరు తెరవాలో ఇంట్లోవాళ్ళకు తెలుసు. డంపు ఫైలు ఏ డైరెక్టరీలో ఉందో కూడా మనలో చాలామందికి తెలియదు.

ఇక్కడ తెలుగువారికి ఒక భ్రమ కలిగే వీలుంది. డంపులో ఏముందో చూడడానికి స్ట్రింగ్స్ అనే ఆదేశాన్ని వాడడం వాడుక. మామూలుగా నడిపితే అది ఏడు బిట్ల ఆంగ్లాక్షరాలనే ఏరి చూపుతుంది. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు. ఆ మూడింటిలో ఒక్కటీ ఏడు బిట్ల పరిధిలో ఉండదు. కనుక సగటు చూపుకు డంపులో తెలుగు ఉన్నట్టే కనిపించదు. అదే ఆదేశానికి ఎనిమిది బిట్లు చూడమని చెబితే వాక్యాలకు వాక్యాలు బయటపడతాయి. మన లిపి రహస్యలిపి కాదు.

ఇంత ప్రమాదముంటే ఆపేస్తే పోలేదా అంటే, పోలేదు. 2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఒకే ఒక్క తెలుగు గుణింతం, 'జ్ఞా', ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములను కుప్పకూల్చింది. మామూలుగా రాసిన జ్ఞా వల్ల కాదు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం చేరినపుడు, ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ ఆ వరుసను గీయబోయి కూలిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసిన ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిదిద్దింది. జ్ఞాపకమనే మాటకు మొదటి అక్షరమే యంత్రం జ్ఞాపకాన్ని పాడుచేసిందన్న చమత్కారం అలా ఉంచండి. ఆ దోషం అంత త్వరగా బాగుపడడానికి కారణం అది ఆకతాయిల చేతికి చిక్కి, తెలుగు రానివారి ఫోన్లను కూడా కూల్చడమే. అంతగా ఊరెక్కని దోషం సంగతేమిటి? ఏ 'ర్త్స్య' దగ్గరో, ఏ పాత పద్యంలోని అరసున్న దగ్గరో ఒక ఎడిటర్ కూలితే ఎవరు పట్టించుకుంటారు? వాడేవాడు విసుక్కొని మళ్ళీ తెరుస్తాడు, ఆ మాటను తప్పించి వేరే మాట రాసుకుంటాడు. తయారుచేసినవాడికి కబురే అందదు. ఆంగ్లంలో ఒక దోషముంటే వేలమంది దానిమీద అడుగేస్తారు. మనకు ఆ వేలమంది లేరు. ఉన్న కొద్దిమంది దగ్గరా సాక్ష్యం లేకుండా చేయమనడమే డంపులను ఆపేయమనడం.

మరి సాక్ష్యంలో ఏ భాగం కావాలి? కూలేముందు ఏ ఫంక్షను ఏ ఫంక్షనును పిలిచిందో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది, దాన్ని బ్యాక్‌ట్రేస్ అంటారు. అక్షరాలను గీసే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలో పడిందో, మరోచోట పడిందో అది చెబుతుంది. అందులో సాధారణంగా మన రాతలు ఉండవు, కాబట్టి నిశ్చింతగా పంపవచ్చు. కానీ ఏ మాట గీస్తుండగా పడిందో అది చెప్పదు. ఆ మాట ఉండేది మెమరీలోనే, మన ఉత్తరాల పక్కనే, చాలాసార్లు ఆ ఉత్తరంలోనే. దోషాన్ని పట్టించే బైట్లు, మనం దాచుకోవలసిన బైట్లు ఒకటే. లినక్సులో కోర్‌డంప్ ఫిల్టర్ అనే అమరిక ఉంది, ఏ రకం మెమరీని డంపులో చేర్చాలో అది నిర్ణయిస్తుంది. అయితే అది రకాలను ఎంచగలదు గానీ రహస్యాన్ని ఎంచలేదు. రాతలుండే మెమరీ, దోషాన్ని పట్టించే మెమరీ రెండూ దాని లెక్కలో ఒకే రకం.

అందుకే మొత్తం పంపమనేవారి మాట కూడా నాకు రుచించదు. 2023లో మైక్రోసాఫ్ట్ మెయిలు సేవలోకి స్టార్మ్-0558 అనే పేరు పెట్టిన చొరబాటుదారులు ప్రవేశించి, 22 సంస్థలకు, 500కు పైగా వ్యక్తులకు చెందిన మెయిళ్ళ జోలికి వెళ్ళారు. వారి చేతిలో ఉన్నది మైక్రోసాఫ్ట్ సంతకపు తాళంచెవి. అది బయటికెలా వెళ్ళిందో వివరిస్తూ ఆ సంస్థ 2023 సెప్టెంబరులో ఇచ్చిన కథనంలో దొంగదారి క్రాష్ డంపే: 2021 ఏప్రిల్‌లో ఒక సిస్టమ్ కూలిందనీ, ఆ డంపులో ఉండరాని తాళంచెవి ఉండిపోయిందనీ, డంపు డీబగ్గింగు కోసం భద్రమైన చోటు నుండి ఇంటర్నెట్టుతో ముడిపడిన చోటికి మారిందనీ. 2024 మార్చిలో అదే సంస్థ ఆ కథనాన్ని సవరించి, తాళంచెవి ఉన్న డంపు తమకు దొరకలేదని చెప్పింది. నాకు మొదటి కథనం కన్నా ఈ సవరణే ఎక్కువ కలవరం కలిగిస్తుంది. ఆ డంపు ఉందా, ఉంటే ఎటు పోయిందన్నది ప్రపంచంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఒకటి మూడేళ్ళ తరువాత తేల్చలేకపోతే, మనం పంపిన డంపు ఎవరి అరలో ఎన్నాళ్ళుంటుందో ఎవరు చెప్పగలరు?

ఇక మన యంత్రంలోనే ఉంచుకున్నా కంటికి రెప్పలా కాచుకోవలసిందే. 2025 మే నెలలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఉబుంటులోని అపోర్ట్‌లోనూ, రెడ్‌హ్యాట్, ఫెడోరాల్లో వాడే సిస్టమ్‌డి-కోర్‌డంప్‌లోనూ ఒకే తీరు లోపాలను బయటపెట్టారు. అదే యంత్రంలో మామూలు ఖాతా ఉన్నవాడు అధిక హక్కులున్న ప్రోగ్రామును కావాలని కూల్చి, క్షణంలో దాని స్థానంలోకి వేరొకదాన్ని చొప్పించి, డంపును తనదిగా చదువుకోగలడని చూపారు. సంకేతపదాల హ్యాష్‌లు అలా చిక్కాయి. సవరణలు వచ్చాయి. అవి ఇంకా చేరని యంత్రానికి అడ్డుకట్టగా సూచించినది ఒకే ఒక్క అమరిక: సూయిడ్ డంపబుల్ అనే కెర్నెల్ విలువను సున్నా చేయడం. మామూలు వాడుకరికి ఆ డంపులతో పనేమీ ఉండదు కాబట్టి దాన్ని సున్నాగానే వదిలేయడం మేలని నా ఉద్దేశం.

మిగిలిన అమరికలకు వద్దాం. లినక్సులో డంపు ఎటు వెళ్ళాలో కోర్ ప్యాటర్న్ అనే చిన్న వాక్యం నిర్ణయిస్తుంది. అది ఫైలు పేరైతే కెర్నెల్ ఆ పేరుతో నేరుగా రాస్తుంది. పాత పద్ధతిలో ప్రోగ్రాము ఏ డైరెక్టరీలో నడుస్తుంటే అక్కడే 'కోర్' అనే ఫైలు పడేది. వాక్యం నిలువు గీతతో మొదలైతే డంపును ఫైలుగా రాయకుండా మరో ప్రోగ్రాముకు అందిస్తుంది. చాలామందికి తెలియని మెలిక ఇక్కడుంది. యూలిమిట్‌తో డంపు పరిమితిని సున్నా చేశాం కదా, ఇక భయం లేదనుకుంటారు. అలా మరో ప్రోగ్రాముకు అందించేటప్పుడు ఆ పరిమితిని కెర్నెల్ అమలు చేయదు. దాన్ని గౌరవించాలా వద్దా అన్నది అందుకొనే ప్రోగ్రాము చేతిలో ఉంటుంది.

సిస్టమ్‌డి ఉన్నచోట ఆ అందుకొనేది సిస్టమ్‌డి-కోర్‌డంపే కావచ్చు. అది వాటిని వార్ డైరెక్టరీలో తనకంటూ ఉన్న ఒక చోట కుదించి దాస్తుంది. డిస్కులో పదో వంతు వరకు వాడుకోవడం, పదిహేను శాతం ఖాళీగా వదలడం దాని మామూలు లెక్క. ఒక టెరాబైటు డిస్కులో పదో వంతంటే వంద గిగాబైట్లు. కూలిన ప్రోగ్రాముల జ్ఞాపకాలకు అంత చోటు అక్కరలేదు. నా యంత్రంలో మొత్తానికి రెండు గిగాబైట్లు, ఒక్కో డంపుకు ఒక గిగాబైటు, మూడు రోజుల ఆయుష్షు అని హద్దులు పెట్టుకున్నాను. మూడు రోజుల్లో తెరిచి చూడకపోతే ఇక చూడనని లెక్క. ఆ డైరెక్టరీని బ్యాకప్ నుండి తప్పించాను కూడా. ఇది చాలామంది మరిచిపోయే సంగతి: మూడు రోజుల్లో చెరిగిన డంపు అటకమీది బ్యాకప్ డిస్కులో మూడేళ్ళు బతుకుతుంది.

విండోస్‌లో రిజిస్ట్రీలోని లోకల్‌డంప్స్ అనే తావులో ఇటువంటి ఏర్పాటే ఉంది. దాన్ని తెరిస్తే వాడుకరి సొంత ఫోల్డరులో చిన్న డంపులు పదింటిదాకా దాస్తుంది. చోటు, సంఖ్య, పరిమాణం మార్చుకోవచ్చు. చిన్న డంపుల్లోనూ రాతల తునకలు రావచ్చు గనుక పై జాగ్రత్తలే దానికీ వర్తిస్తాయి.

ఇంతా చేసి, కూలినపుడు ఏం చేయాలి? డంపును మన దగ్గరే తెరిచి, బ్యాక్‌ట్రేస్ తీసుకొని, గీస్తుండగా పడిన మాటేదో వెతికి, ఆ ఒక్క మాటనూ కొత్త ఫైలులో పెట్టి మళ్ళీ కూలుతుందేమో చూడాలి. కూలితే ఆ మాట, ఆ బ్యాక్‌ట్రేస్ చాలు, డంపుతో పని లేదు. సామాన్యులకు ఇది సాధ్యమా అని అడగవచ్చు. అందరికీ కాదు, నిజమే. కానీ తెలుగు ఫాంట్లు సరిగా కనబడని రోజుల్లో ఒకరి యంత్రాన్ని ఒకరు సరిచేసుకుంటూ వచ్చినవాళ్ళం మనం. ఊరికొకరికి ఈ విద్య వచ్చినా చాలు. డంపు ఇంట్లో ఉంటే రేపు తెలిసినవారి చేత చూపించుకోవచ్చు. అసలే లేకపోతే చూపించడానికేముంది?

గ్రంథాలయాల్లో, కళాశాలల్లో పదిమంది వాడే యంత్రాల సంగతి వేరు. అక్కడ రాసిన మనిషి లేచి వెళ్ళిపోతాడు, తన రాతల గురించి నిర్ణయించడానికి ఉండడు. అటువంటి చోట డంపును దాచకుండా, వీలైతే బ్యాక్‌ట్రేస్ మాత్రం చిట్టాలో ఎక్కేలా స్టోరేజ్ విలువను నన్ అని మార్చడమే సరైనదని నేననుకుంటాను. అయితే అప్పుడు కూడా ప్రోగ్రామును పిలిచిన ఆదేశం, దాని ఎన్విరాన్‌మెంట్ చరరాశులు చిట్టాలో చేరుతాయి. సంకేతపదాలను ఆ చరరాశుల్లో పెట్టి ప్రోగ్రాములు నడిపే అలవాటున్నవారు ముందుగా దాన్ని మానుకోవాలి.