హైదరాబాద్‌లో ఉన్నా దవాఖాన దూరమే!

బోధన్‌లో ఉన్నవాళ్లకి ఒకటే దిగులు. పెద్ద జబ్బు చేస్తే ఇరవై అయిదు కిలోమీటర్లు దాటి నిజామాబాద్ పోవాలి. అక్కడా కాదంటే హైదరాబాద్. అందుకే మా చిన్న ఆడబిడ్డ కాపురం హయత్‌నగర్‌కి మారినప్పుడు, "నీకేమమ్మా, ఉస్మానియా, గాంధీ, నిమ్స్ అన్నీ మీ ఊళ్లోనే!" అన్నాను. కాస్త కుళ్లు కూడా పడ్డానేమో.

పోయిన దసరా ముందు తనకి ఎనిమిదో నెల. తోడుగా నేనే వెళ్లాను. ఒకరోజు సాయంత్రం కాళ్లు, మొహం వాచాయి, తలనొప్పి, కళ్లు మసకలు. దగ్గర్లో ఉన్న డాక్టరమ్మ బి.పి. చూసి, "ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంది. కంగారులో 108 సంగతే తట్టలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆటోలో కోఠీ ప్రసూతి దవాఖానాకి బయల్దేరాం. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట... బండి కదిలితేగా! గంటన్నర పట్టింది. బోధన్ నుంచి నిజామాబాద్‌కి కూడా అంతసేపు పట్టదు. నా భుజం మీద తల వాల్చి, "వదినా, మనూళ్లోనే ఉండిపోతే బాగుండేది" అంది. నాకు నోట మాట రాలేదు.

దేవుడి దయ, తల్లీబిడ్డా క్షేమం.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఉస్మానియా భవనం మూసీ ఒడ్డున 1925 నాటిది. పిల్లల దవాఖానా నిలోఫర్ 1953లో వచ్చింది. అప్పటికి నగరం అంటే ఆ చుట్టుపక్కలే. 2003లో గాంధీని ముషీరాబాద్‌కి మార్చినా అదీ నడిబొడ్డే. ఇళ్లు మాత్రం అవుటర్ రింగు రోడ్డు దాటిపోయాయి. 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు జ్వరానికీ, బి.పి., షుగర్ మాత్రలకీ మంచివే. అర్ధరాత్రి నొప్పులొస్తే అక్కడ ఎవరుంటారు? కొత్తపేట పాత పండ్ల మార్కెట్ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో పునాది వేశారు. హయత్‌నగర్ వైపు వాళ్లకి అదే ఆశ.

మన వైపు నుంచి గాంధీకి వెళ్లేవాళ్లు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, ఆటోల బేరం పెట్టుకోకండి. పక్కనే మెట్రో ఎక్కితే రెండో స్టేషనే గాంధీ ఆసుపత్రి. రాత్రిపూట మాత్రం మెట్రో ఉండదు.

మా ఆడబిడ్డ వచ్చే నెల ఇల్లు మారుతోంది. అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువట. మంచినీళ్లు వస్తాయా అని అడగడం అందరం చేసేదే. తను మాత్రం ఈసారి సరిగ్గా సాయంత్రం ఆరింటికి, ఆ ఇంటి గుమ్మం నుంచి దవాఖానా గేటు దాకా ఆటోలో వెళ్లి గడియారం చూసుకుని వచ్చింది. ఇరవై నిమిషాలు!