వంటవాళ్ళను తిట్టే ముందు...

2015 గోదావరి పుష్కరాలకు వెళ్ళొచ్చిన మర్నాడే మా అత్తగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి తోడికోడలికీ అదే పరిస్థితి. "ఆ అన్నదానం దగ్గర వంటవాళ్ళు చేతులు కడుక్కుని ఉండరు" అని ఇంట్లో అందరం తేల్చేశాం. డాక్టరుగారు మందులు రాసిచ్చారు. ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

1984 సెప్టెంబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, డాల్స్ అనే చిన్న ఊళ్ళోనూ ఇలాగే జరిగింది. పది హోటళ్ళలో తిన్నవాళ్ళు 751 మంది జబ్బుపడ్డారు. అధికారులు మొదట తప్పుపట్టింది వంటవాళ్ళ, వడ్డించేవాళ్ళ శుభ్రతనే. ఏడాది గడిస్తేగానీ అసలు సంగతి బయటపడలేదు. స్థానిక ఎన్నికల్లో ఊరివాళ్ళు ఓటు వేయకుండా చేయాలని రజనీష్ ఆశ్రమంలోని కొందరు సలాడ్లలో సాల్మొనెల్లా క్రిములు కలిపారు. రోగుల నుంచి తీసి దాచిన క్రిమీ, ఆశ్రమం ల్యాబులో దొరికిన క్రిమీ ఒకటేనని తేలింది. ఎవరూ చనిపోకపోవడం అదృష్టం.

బాంబు పేలితే అక్కడికక్కడే తెలుస్తుంది. క్రిమి చప్పుడు చేయదు. గంటల తర్వాతో, రోజుల తర్వాతో బయటపడుతుంది. ఈలోగా తిరునాళ్ళకు వచ్చిన జనం ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. పది ఊళ్ళలో పదిమంది డాక్టర్లకు ఒక్కొక్క రోగి కనిపిస్తే, అది ఒట్టి అజీర్ణమే కదండీ!

అందుకే లక్షలమంది చేరేచోట ఏర్పాట్లంటే బారికేడ్లు, అంబులెన్సులే కాదు. మామూలు రోజుల్లో విరేచనాల కేసులు ఎన్ని వస్తాయో ముందే లెక్క ఉండాలి. అప్పుడే పెరిగింది పెరిగినట్టు తెలుస్తుంది. జనం వెళ్ళిపోయాక కూడా కొన్నాళ్ళు అన్ని జిల్లాల లెక్కలూ ఒకచోట చేరాలి. నమూనాలు ల్యాబుకు వెళ్ళాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జీవసంబంధ విపత్తుల మీద 2008లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఆ లెక్క మొదలయ్యేది ఆస్పత్రిలో రాసే ఓపీ చీటీ దగ్గరే. ఆ చీటీలో "ఎక్కడికి వెళ్ళారు, ఎప్పుడు, ఏం తిన్నారు" అన్న మూడు ముక్కలు లేకపోతే ఎంత పెద్ద ప్రణాళికైనా గుడ్డిదే.

ఆ మూడు ముక్కలూ చెప్పాల్సింది మనమే. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం తిన్నారో ఆడవాళ్ళ కంటే బాగా ఎవరికి తెలుసు? నేనిప్పుడు కేలండరు మీద పాలలెక్క పక్కనే ప్రయాణాల తేదీలు, భోంచేసిన చోట్లు కూడా రాసుకుంటున్నాను.

మా అత్తగారికి వచ్చింది కుట్రేం కాదు, పాడైన తిండో, నీళ్ళో అయ్యుంటుంది. ఏదైనా సరే, పట్టుకునే దారి మాత్రం ఒక్కటే. ఆ రోజు మేం డాక్టరుగారికి చెప్పాల్సింది చెప్పలేదు. ముఖమైనా గుర్తులేని వంటవాళ్ళను మాత్రం తిట్టిపోశాం.