ఎవరి భుజానికి ఈ తుపాకీ?

ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు ఆ తర్వాత దానిమీద పెట్టే ఖర్చు చాలావరకు రెండు దారుల్లోనే పోతుంది. ఒకటి ఇంకా గట్టి స్ప్రింగు, రెండోది పైన బిగించే టెలిస్కోపు. పదిమందికీ చూపించుకోవడానికి రెండూ బాగానే ఉంటాయి. తుపాకీ మడమ భుజంలో ఎక్కడ ఆనుతోంది, చెంప చెక్క మీద ఏ ఎత్తున వాలుతోంది, వేలు ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి లాగుతోందా, పక్కకు నెడుతోందా అన్న సంగతులు మాత్రం ఎవరికీ పట్టవు. ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్లలో పిల్లల్ని ఈ ఆటలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకూ, బడులకూ, క్రీడాశాఖ అధికారులకూ చెప్పదలచింది ఇదే: తుపాకీని మార్చాలనుకుంటే దాని బలం జోలికి పోకండి, కొలతలు మార్చండి. అదీ ఇంట్లో దాచుకునే తుపాకీకి కాదు, క్లబ్బులో నలుగురూ వాడే తుపాకీకి. కొల్లేటి గట్టున బతికే మనకు ఈ రెండో షరతు మొదటిదాని కంటే తక్కువదేమీ కాదు.

బలం ఎందుకు అక్కర్లేదో లెక్కలే చెబుతాయి. ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ 10 మీటర్ల దూరం నుంచి జరుగుతుంది. పెల్లెట్ సైజు 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యం నడిమధ్యన 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఈ పోటీకి వాడే జర్మనీ తుపాకీల గొట్టం నుంచి పెల్లెట్ బయటికొచ్చేటప్పుడు దాని శక్తి 7.5 జౌల్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. మన 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగల ఎయిర్ రైఫిల్‌కు హద్దు 20 జౌల్స్. అంటే అంగట్లో చట్టబద్ధంగా దొరికే తుపాకీలోనే ఒలింపిక్ పతకానికి కావలసిన దానికి రెండున్నర రెట్లకు పైగా బలం ఉండవచ్చు. దానికి ఇంకో గట్టి స్ప్రింగు వేయిస్తే ఆటకు ఒరిగేదేమీ లేదు. మడత పెట్టి లోడ్ చేయడానికి పిల్లల చేతులు నొప్పి పుడతాయి, పేలినప్పుడు కుదుపు పెరుగుతుంది, 20 జౌల్స్ దాటితే కేసవుతుంది. టెలిస్కోపు సంగతి ఇంకా తేలిక. 10 మీటర్ల రైఫిల్ పోటీలో దాన్ని అనుమతించనే అనుమతించరు.

అసలు తేడా వచ్చేది ఒంటికీ చెక్కకూ మధ్య. 10 పాయింట్లు రావాలంటే పెల్లెట్ ఆ అర మిల్లీమీటరు చుక్కను తాకితే చాలు. కాబట్టి పెల్లెట్ మధ్యభాగం అసలు కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్ల వరకు జరగవచ్చు. ఇప్పుడు మన దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా వాడే ఓపెన్ సైట్ తుపాకీ తీసుకుందాం. వెనక గాటుకూ ముందు ముల్లుకూ మధ్య దూరం 45 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ గాటులో ముల్లు మిల్లీమీటరులో పదోవంతు పక్కకు కనిపించినా 10 మీటర్ల అవతల గురి దాదాపు 2.2 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఆ పదోవంతు తప్పు చాలాసార్లు కంటి లోపమూ కాదు, శ్రద్ధ లోపమూ కాదు, చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోవడం. చెక్క ఎత్తు చాలకపోతే కుర్రాడు చెంపను గాల్లో నిలబెట్టి గురి చూస్తాడు. పది గుళ్లకు పది ఎత్తులు. చెక్క మరీ ఎత్తుగా ఉంటే మెడ పక్కకు వంచుతాడు. అలా వంగిన తలలో కన్ను తిన్నగా కాక ఏటవాలుగా చూస్తుంది. మడమ పొడవు ఇంకో కథ. పెద్దవాళ్ల ముంజేతికి సరిపోయేలా చేసిన తుపాకీని పన్నెండేళ్ల పిల్ల భుజానికెత్తితే వేలు ట్రిగ్గర్‌కు కొసతో మాత్రమే అందుతుంది. అందుకోవడానికి నడుం వెనక్కి వాల్చి, తుంటిని ముందుకు తోస్తుంది. నిలబడి కొట్టే ఈ ఆటలో తుపాకీ బరువును కండరం కాదు, ఎముక మోయాలి. ముందు చేతి మోచెయ్యి తుంటి మీద కుదురుకుని, దాని మీదుగా బరువు నేలలోకి దిగాలి. చేతులు పొట్టిగా, మెడ పొడుగ్గా ఉన్న వాళ్లకు ఆ మోచెయ్యి తుంటికి అందదు. అప్పుడు తుపాకీ ముందు భాగం కింద ఓ దిమ్మ బిగించి ఎత్తు పెంచాలి. రైఫిల్ షూటర్లలో నడుం నొప్పి కొత్త సంగతి కాదు. కొలత తప్పిన తుపాకీతో రోజూ సాధన చేసే పిల్లల్లో ఆ నొప్పికి పునాది చిన్నప్పుడే పడుతుంది.

ఇదంతా వింటే ఖర్చు గురించి అనుమానం రావడం సహజం. ఉల్మ్‌లో తయారయ్యే వాల్తర్, అన్‌షుట్జ్, ఒబెర్న్‌డార్ఫ్‌లో తయారయ్యే ఫైన్‌వెర్క్‌బావ్ తుపాకీల్లో మడమ, చెంప చెక్క, పిడి అన్నీ మరతో పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుగుతాయి. ధర లక్షల్లో ఉంటుంది. ఏ మధ్యతరగతి ఇల్లూ పిల్లవాడి ఆట కోసం అంత పెట్టలేదు. కానీ ఆ తుపాకీల నుంచి అరువు తెచ్చుకోవలసింది సూత్రమే, సరుకు కాదు. స్వదేశీ ఎయిర్ రైఫిల్ చెక్క మీద చెంప ఎత్తు పెంచే పలక బిగించడం, మడమ వెనక రబ్బరో టేకు చెక్కో పలకలుగా చేర్చడం, పొడవు ఎక్కువైతే రంపంతో కోసి, కోసిన ముక్కను పారేయకుండా దాచి, పిల్లవాడు ఎదిగాక మళ్లీ అతికించడం, పిడిని ఆకురాయితో వేళ్లకు తగ్గట్టు అరగదీయడం, ఇవన్నీ ఏలూరులో మంచి వడ్రంగి మధ్యాహ్నం లోపు చేసే పని. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఆయన చెయ్యి చెక్క దాటి ఇనుము మీదికి పోకూడదు. ట్రిగ్గర్ తేలిక చేయిస్తామంటూ లోపలి ముక్కలు అరగదీయించేవాళ్లు ఉంటారు. అలా అరగదీసిన ట్రిగ్గర్ వేలు పెట్టకముందే జారిపోవచ్చు. నియమాల్లోనూ హద్దులున్నాయి. తుపాకీ బరువు 5.5 కిలోలు దాటకూడదు. బొటనవేలు దూర్చే రంధ్రం, అరచేతికి విడిగా ఆధారం పెట్టడం 10 మీటర్ల పోటీలో కుదరవు. పనిలోకి దిగేముందు నియమావళి చదివిన కోచ్ ఎవరైనా పక్కన ఉండాలి.

ఇంకో అభ్యంతరం పెద్దల నుంచి వస్తుంది, అందులో కొంత నిజమూ ఉంది. నాన్న సైకిల్‌ను అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకోలేదా, తుపాకీ కూడా అలాగే అలవాటవుతుంది అంటారు. సైకిల్ మీద అది చెల్లుతుంది, ఎందుకంటే సీటుకు అందేంత ఎదగ్గానే అడ్డతొక్కుడు తనంతట తానే పోతుంది. గురిలో పోదు. వంచిన మెడతో ఐదారు వేల గుళ్లు కొట్టిన పిల్లవాడికి ఆ వంపే సహజంగా తోస్తుంది. తర్వాత సరైన తుపాకీ ఇస్తే తుపాకీలోనే తప్పుందనుకుంటాడు. శరీరాన్ని తుపాకీకి లొంగదీయాలన్న వాదనకు పూర్తి జవాబు పారా షూటింగ్‌లో ఉంది. చక్రాల కుర్చీలో కూర్చుని పోటీపడే అవనీ లేఖరా మహిళల ఎయిర్ రైఫిల్ స్టాండింగ్ విభాగంలో టోక్యోలోనూ, 2024 పారిస్‌లోనూ పారాలింపిక్ స్వర్ణం గెలిచింది. చేతులతో తుపాకీ బరువు మోయలేని వాళ్ల కోసం ఎస్‌హెచ్2 అనే విభాగమే ఉంది. అక్కడ తుపాకీని స్ప్రింగు అమర్చిన స్టాండు మీద ఉంచుతారు. గురి మాత్రం షూటర్‌దే. పరికరం మనిషికి తగ్గట్టు మారితే ఆట పలచబడదని ఇంతకంటే గట్టిగా ఎవరు నిరూపించాలి? తెలుగు నేల మీద ఈ ఆటకు పేరు తెచ్చింది హైదరాబాద్. 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. డెల్టా పిల్లల కళ్లకూ చేతులకూ ఏమీ తక్కువ లేదు. కోచ్‌లు, రేంజిలు, సర్దుబాటుకు లొంగే తుపాకీలు అక్కడ పోగయ్యాయి, ఇక్కడ కాలేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం కొల్లేటిది. చేతికి బాగా అమరిన తుపాకీ పిట్టకు కూడా బాగానే గురిపెడుతుంది కదా! దీన్ని తోసిపుచ్చకూడదు. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీదా, ఇనుప స్టాండ్ల మీదా గూళ్లు కట్టే ప్రాంతం మనది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. చుట్టూ చేపల చెరువులు. చేపను ఎత్తుకుపోయే పక్షి మీద రైతుకు కోపం లేదనలేం. ఎయిర్ గన్ బొమ్మ తుపాకీ అన్న భ్రమ కూడా వద్దు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో మొదలైన ఎయిర్ గన్ అప్పగింత ఉద్యమంలో జనం రెండు వేలకు పైగా తుపాకీలు స్వచ్ఛందంగా తెచ్చి ఇచ్చారు. అడవుల్లో పక్షులు మాయమవుతున్నాయన్న గుర్తింపే అందుకు కారణం. మన చట్టం కూడా ఊరుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. ఆయుధమంటే జంతువును గాయపరచగల ఏ పరికరమైనా అని ఆ చట్టమే చెబుతోంది. లైసెన్సు అక్కర్లేని తుపాకీ అన్న సాకు అక్కడ పనిచేయదు.

అయితే ఈ అభ్యంతరం ఎటు చూపిస్తోందో గమనించాలి. వేటకు కావలసింది బలం, దూరం, టెలిస్కోపు. చెంప పలకా, మడమ పొడవూ ఆటకు కావలసినవి. అమరిన తుపాకీ వేటకూ ఉపయోగపడుతుందన్నది నిజమే అయినా, దాని కోసం డబ్బు ఖర్చుపెట్టి కొలతలు తీయించుకునే వేటగాడు అరుదు. ఇంకా ముఖ్యమైనది లెక్క. కొలత మారని తుపాకీ ఒక ఒంటికే సరిపోతుంది, అందుకే ప్రతి తల్లిదండ్రీ విడిగా ఒకటి కొంటారు. అవి ఇళ్లలో, అటకల మీద, చెరువు గట్టు షెడ్లలో చేరతాయి. మడమా చెంపా సర్దుకునే తుపాకీ ఒకటుంటే రోజూ ఐదారుగురు పిల్లలు వంతులవారీగా వాడుకోవచ్చు. సాధన ముగిశాక అది క్లబ్బు ఇనుప పెట్టెలో తాళం కింద ఉంటుంది. కైకలూరు నుంచి ఏలూరు వచ్చే రోడ్డు కొల్లేటి మీదుగానే పోతుంది. ఆ దారిన సాధనకు వచ్చే పిల్లవాడు బస్సులో తుపాకీ మోసుకు రావలసిన అవసరమే ఉండదు. చేతిలో తన కొలతల చీటీ ఉంటే చాలు. కాబట్టి పక్షుల్ని ప్రేమించేవాళ్లు కూడా కోరుకోవలసిన మార్పు ఇది. సర్దుబాటు పెరిగిన కొద్దీ సరస్సు చుట్టూ తుపాకీల సంఖ్య తగ్గుతుంది.

ఆ కొలతల చీటీ గురించి ఇంకొంచెం. అందులో నాలుగు అంకెలుంటాయి: ట్రిగ్గర్ నుంచి మడమ దాకా పొడవు, చెంప పలక ఎత్తు, మడమ పలక ఎంత కిందికి దించాలి, ముందు దిమ్మ ఎత్తు. చెక్క మీద గీతలు పెట్టి అంకెలు వేస్తే కొత్త పిల్లవాడికి రెండు నిమిషాల్లో తుపాకీ సిద్ధమవుతుంది. ఎదిగే వయసు కాబట్టి మూడు నెలలకోసారి మళ్లీ కొలవాలి. వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక పూట నేర్పితే వచ్చే విద్య ఇది. 10 మీటర్ల రేంజికి పెద్ద మైదానమూ అక్కర్లేదు. వెనక గట్టి అడ్డు, ఒకే తలుపు ఉన్న పొడవాటి హాలు చాలు. ఏలూరు, గూడెం కాలేజీల్లో అలాంటివి వెతికితే దొరక్కపోవు.

మిగిలింది కొనుగోలు పద్ధతి. ప్రభుత్వం గానీ, దాతలు గానీ ఆట సామాన్లు ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చామన్నదే ఫొటోల్లో కనిపిస్తుంది. పది తుపాకీలు వరసగా పేర్చితే బాగానే ఉంటుంది. వాటిలో ఎడమచేతి వాటం పిల్లకు పనికొచ్చేది ఒక్కటీ లేకపోయినా ఎవరూ అడగరు. కొనుగోలు కాగితంలో సంఖ్య రాసే గడి పక్కనే మడమ పొడవు ఎంత మేర మారుతుంది, చెంప పలక రెండు వైపులకూ తిరుగుతుందా, తాళం పెట్టె ధరలో కలిసిందా అన్న గడులు కూడా పెట్టాలి. ఆ షరతులకు ఒప్పుకునేవి పదింటి డబ్బుతో నాలుగే వస్తే, నాలుగే కొనాలి.