ఫోను చెప్పిందని కూర వండొద్దు

జర్మనీ అడవుల్లో పుచ్చిన మొద్దుల మీద గుత్తులుగా మొలిచే ఒక చిన్న గోధుమరంగు పుట్టగొడుగును అక్కడివాళ్లు ఇష్టంగా సూపులో వేసుకుంటారు. దాని పేరు ష్టోక్‌ష్వెమ్‌షెన్. అచ్చం అదే పోలికతో ఒక్కోసారి అదే మొద్దు మీద ఇంకొకటీ మొలుస్తుంది. అది గాలెరినా మార్జినాటా. దాన్ని తింటే కాలేయం పాడైపోతుంది.

తేడా చూడాల్సింది కాడ మీద. తినేదానికి ఉంగరం కింద సన్నని పొలుసులుంటాయి, విషపుదానికి వెండిరంగు నారలుంటాయి. గట్టి వాన పడితే ఈ గుర్తులూ చెరిగిపోతాయి, ఉంగరమూ రాలిపోతుంది. టోపీ తడిగా ఉంటే తేనెరంగు, ఆరితే వెలిసిన రంగు. శాస్త్రవేత్తలే గాలెరినాను నాలుగైదు పేర్లతో వేర్వేరు జాతులుగా రాసుకున్నారు. అవన్నీ ఒకటేనని 2001లో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి.

ఇంతటి మాయలమారిని పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఫోనులోని యాప్ గుర్తుపట్టేస్తుందట! ఆ ఫొటోలో టోపీ అడుగు కనిపించదు, కాడ మొదలూ కనిపించదు. మొద్దు మీది చిన్న గోధుమరంగు పుట్టగొడుగు ఎదురైతే యాప్ ‘చెప్పలేను’ అనాలి. అలా అనేలా దాన్ని తయారుచేయడం కంపెనీల బాధ్యత.

పైసా ఖర్చులేని పాత పద్ధతి ఒకటుంది. టోపీని కోసి తెల్లకాగితం మీద పెట్టి, పైన గ్లాసు బోర్లించి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి బీజాల పొడి ముగ్గులా పడుతుంది. మత్తు కోసం కొందరు వెతికే సైలోసైబీల పొడి ఊదా గోధుమరంగు. గాలెరినాది తుప్పురంగు. 1981లో అమెరికాలోని విడ్‌బీ దీవిలో మత్తు పుట్టగొడుగులనుకుని గాలెరినా తిన్న ఓ టీనేజీ అమ్మాయి చనిపోయింది. అయితే సూపులో వేసుకునే జాతి పొడి కూడా గోధుమరంగే. కాబట్టి తుప్పురంగు కనిపిస్తే ఆ బుట్ట పారబోయాల్సిందే.

వెండి చెంచా నల్లబడటం, పురుగు కొరికిన గుర్తుండటం లాంటి పరీక్షలు ఎందుకూ కొరగావు. ఉడికించినా ఈ విషం విరగదు.

పుట్టగొడుగు అనే మాటలోనే చిరునామా ఉంది. చెదపుట్ట మీద లేచే గొడుగు అది. తొలకరికి ఏ పుట్ట దగ్గర ఏది లేస్తుందో ఎరిగిన పల్లెవాళ్లు కుక్కగొడుగుల్ని ముట్టుకోరు. ఆ ఎరుక వాళ్ల ఊరి పొలిమేర వరకే పనిచేస్తుంది. పరాయి దేశపు అడవిలో మొద్దు ముందు నిలబడితే అది అక్కరకు రాదు.

గాలెరినా తిన్నాక 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. వాంతులు, విరేచనాలు మొదలై తగ్గాక ‘హమ్మయ్య, గండం గడిచింది’ అనిపిస్తుంది. కాలేయం చెడేది సరిగ్గా అప్పుడే. అనుమానం వస్తే వాంతుల దాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చెత్తబుట్టలో పడేసిన కాడల్ని కూడా కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లాలి.